తొమ్మిదో పోస్టులో రెండో గీత

రోజు 112

వినికిడి గది గోడకు నలభై ఒక్క గొట్టాలు ఉన్నాయి. ఒక్కో గొట్టం ఒక్కో గాలి పోస్టు నుంచి వస్తుంది. గంటకోసారి ఆ పోస్టులో ఉన్న మనిషి గొట్టంలోకి మూడు అంకెలు చదవాలి: వాయువు ఎంత, గాలి వేగం ఎంత, వేడి ఎంత. పాత బొగ్గు సొరంగాల్లో వాయువు ఊరుతూనే ఉంటుంది. అక్కడ కరెంటు తీగ లాగకూడదు. అందుకే దిగువూరులో పన్నెండు వేల మంది ఊపిరి ఈ గొంతుల మీద నడుస్తోంది.

ఈ ఉదయం పది గంటలకు వాటిలో ఇరవై మూడు గొంతులు తడబడ్డాయి.

నేను నా చెవులతో విన్నది ఇది. పదిహేడో గొట్టంలో "వా" అన్న శబ్దం తొమ్మిది సార్లు వచ్చింది. ముప్పయ్యో గొట్టంలో పధ్నాలుగు సెకన్ల పాటు ఎవరో గొంతు బిగబట్టిన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత మూడు అంకెలూ ఒక్క దమ్ములో వచ్చాయి.

వినికిడి గది గుమాస్తా రాజేశం ప్రతి తడబాటుకూ బోర్డు మీద చాక్‌పీసుతో ఒక గీత పెట్టాడు.

"మొదటి వారం నలుగురే ఉండె పేపరక్కా," అన్నాడు. "బోర్డు మీద పేర్లు రాసుడు మొదలువెట్టినంక పదకొండైంది. ఇప్పుడు ఇరవై మూడు. జలుబు లెక్క అంటుకుంటున్నది."

నా పేరు సుగుణ. ముప్పై ఏళ్లుగా దిగువూరు పత్రికకు రాస్తున్నాను కనక అందరూ పేపరక్క అంటారు. గాలి సంఘం వేసిన విచారణలో జరిగేదంతా నమోదు చేసే పని నాకు అప్పగించారు. విచారణ తేల్చాల్సింది ఒక్కటే. ఈ నత్తి నరానిదా, మనసుదా? నరానిదైతే వీళ్లకు దిగువూరులోనే ఏదో ఒక ఏర్పాటు చేస్తారు. మనసుదైతే భయస్తుల కింద లెక్క. భయస్తులను గాలి దగ్గర ఉంచరు, పై అరకు పంపుతారు. పై అర నేలకు ఇరవై అడుగుల కింద ఉంది. పగటి వేడి యాభై ఒకటి. అక్కడ ఐదేళ్లు దాటి బతికిన వాళ్లు నా రికార్డుల ప్రకారం తొమ్మిది మంది.

తీర్పు రోజు 140న.

రోజు 113

ఎవరూ ఒంటరిగా చదవరాదు. ఇది దిగువూరు మొదటి నియమం. నలభై ఒక్క ఏళ్ల కిందట ఒక పోస్టులో ఒక్కడే ఉండి అంకె తప్పు చదివాడు. తొంభై మంది పోయారు. ఆ మర్నాటి నుంచి ప్రతి పోస్టులో ఇద్దరు కూర్చుని, ఒకే అంకెను, ఒకేసారి చదివేవాళ్లు. అలవాటు పోస్టు దాటి ఊరంతా పాకింది. బడిలో పిల్లలు జంటగా చదువుతారు. సాక్షితో పాటు గుమాస్తా ప్రమాణం చేస్తాడు. మందు సీసా మీది రాతను కూడా కాంపౌండరు, రోగి కలిసి చదువుతారు.

రోజు 52న కొత్త మీటర్లు వచ్చాయి. లోపలి రసాయనం రంగు మారితే ముల్లు తిరుగుతుంది. ముల్లు తప్పు చూపదని సంఘం ప్రకటించింది. అప్పటిదాకా వాయువును పసిగట్టిన పాత నూనె దీపాలను సామాన్ల గదిలో పెట్టి తాళం వేశారు. ప్రతి పోస్టులో రెండో మనిషిని తీసేశారు. నియమాన్ని అన్ని చోట్లా ఉంచి, పుట్టిన చోట ఎత్తేశారు.

పదిహేడో పోస్టు పోశం ఇంటికి వెళ్లాను. వయసు యాభై రెండు. ప్రశ్న అడిగితే తల ఊపుతాడు, లేదా భార్య శాంతమ్మ వైపు చూస్తాడు.

"మా ఆయిన మొదటి సంది గిట్లనే అక్కా," అంది శాంతమ్మ. "లగ్గమై ఇరవై ఏడేండ్లాయె, నాతోని మాట్లాడింది జమచేస్తే ఒక్క పూటకు సరిపోదు. గాలి పలికేటోళ్లంతా అంతే గదా. కొలువుల మాటలు అరిగిపోతయి, ఇంటికాడ మిగలయి."

ఈ మాట ఊరంతా అంటుంది. గాలి పలికే వాళ్లు మితభాషులు, ఆ ఉద్యోగం అలా చేస్తుంది అని. నేనూ రెండు సార్లు పత్రికలో రాశాను.

వీధి మలుపు దాకా సాగనంపడానికి పోశం వచ్చాడు. చుట్టూ చూసి ఒక్క వాక్యం చెప్పాడు. అది చెప్పడానికి అరనిమిషం పట్టింది.

"ఇ... ఇది... క... క... కొత్త గాదక్కా."

రాయొద్దని చేతులు జోడించాడు. పత్రికలో రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను.

రోజు 115

వైద్య పరీక్ష. విచారణ వైద్యురాలు డాక్టర్ నఫీసా. ఇరవై మూడు మందినీ ఒక్కొక్కరినే పిలిచింది. నాలుక, గొంతు, చెవి చూసింది. తర్వాత ఒక పేజీ చదివించింది. నియమం ప్రకారం పక్కన గుమాస్తా నిలబడి కలిసి చదివాడు.

ఇరవై మూడు మందిలో ఒక్కరూ తడబడలేదు. పోశం పేజీ మొత్తం నీళ్లు తాగినట్టు చదివాడు. చదివాక నేల వైపు చూస్తూ కూర్చున్నాడు.

సంఘం అధ్యక్షుడు జనార్దన్ కాగితాలు ముందుకు తోశాడు. "డాక్టరమ్మా, నరం చెడితే పొద్దున చెడి మధ్యాహ్నం బాగుపడదు గదా. ఇక్కడ మంచిగ చదివిండ్రు. పోస్టుల కూసుంటే వస్తలేదంటరు. ఇది మనసే."

"ఇప్పటికైతే అట్లనే కనబడుతుంది," అంది నఫీసా. ఆమె గొంతులో ఆ మాట మీద నమ్మకం లేదు, కాని చూపడానికి చేతిలో ఏమీ లేదు.

"ఇంకోటి. తొమ్మిదో పోస్టుల సారక్క. ఆమె జోడు ఓదెలు మీటర్లు రాకముందు రోజే పనిల సచ్చిపోయిండు. అందరికంటే ముందు ఒంటరైంది ఆమెనే. అరవై దినాలల్ల ఒక్కసారి గూడ ఆమె పేరు బోర్డు మీదికి ఎక్కలే. ఆమెకు లేని రోగం వీళ్లకెందుకు?"

సారక్క అంత బాగా చదవడమే ఇరవై మూడు మంది మెడకు చుట్టుకుంది.

రోజు 118

రాజేశం దగ్గర తొమ్మిదో పోస్టు రికార్డు అడిగాను. ప్రతి గొట్టం కింద ఒక యంత్రం ఉంది. గొంతును పట్టి కాగితం చుట్ట మీద గీత గీస్తుంది. జంట పఠనం కోసం చేసిన యంత్రం కాబట్టి రెండు పెన్నులు: ఒక గొంతుకు ఎరుపు, రెండో గొంతుకు నీలం. రెండు గీతలు ఒకేలా ఉంటే ఇద్దరూ ఒకే అంకె చదివినట్టు. ఒక్కరే చదివితే నీలం పెన్ను కదలదు, తిన్నని గీత మాత్రమే పడుతుంది.

రోజు 52 తర్వాత నలభై గొట్టాల చుట్టలలో నీలం గీత తిన్నగా ఉంది. తొమ్మిదో గొట్టం చుట్టలో తిన్నగా లేదు. ఎరుపుతో పాటు లేచింది, ఎరుపుతో పాటు వాలింది. ప్రతి గంటా, అరవై ఆరు రోజులు.

"ఇది చూడలేదా నువ్వు?"

"చూసిన. పెన్ను లీకైతున్నదనుకున్న." రాజేశం తల గోక్కున్నాడు. "రెండుసార్లు మార్చిన గూడ."

కాగితం సెకనుకు ఇరవై ఐదు మిల్లీమీటర్లు నడుస్తుంది. భూతద్దం పెట్టి కొలిచాను. గొట్టంలో ప్రతిధ్వని అయితే నీలం గీత ఎరుపు తర్వాత లేవాలి. నీలం ముందు లేచింది. ప్రతిసారీ ఒక మిల్లీమీటరు ముందు. అంటే సెకనులో ఇరవై ఐదో వంతు.

ఈ అరవై ఆరు రోజుల్లో సారక్క ఆగింది ఒక్కసారే. రోజు 87, మధ్యాహ్నం రెండు గంటలు. పన్నెండు సెకన్ల ఆలస్యం. గొట్టంలో దుమ్ము పడిందని రాజేశం రాసుకున్నాడు, బోర్డు మీద పెట్టలేదు. మరమ్మతుల పుస్తకంలో రోజు 88 కింద ఇంకో వాక్యం ఉంది: తొమ్మిదో పోస్టు మీటరు వంతు ప్రకారం మార్చబడింది, పాతది 0.3 తక్కువ చూపుతున్నట్టు తేలింది. ఈ రెండు వాస్తవాలను పక్కపక్కన రాస్తున్నాను. మధ్యలో ఏ మాటా పెట్టడం లేదు.

వినికిడి గదిలో ఒక గంట తాడు కూడా ఉంది. వాయువు నూటికి ఒకటి పాయింట్ రెండు దాటితే లాగాలి. ఆ పోస్టు కింది పేట ఖాళీ అవుతుంది. తాడు ఎవరైనా లాగొచ్చు. ఉత్తుత్తిగా లాగితే ఏడాది పై అర.

రోజు 119

తొమ్మిదో పోస్టుకు నడిచి వెళ్లాను. గంటా ఇరవై నిమిషాలు. దారిలో పక్క సొరంగాలేవీ లేవు. ఒకే ద్వారం, దానికి ఇనుప తలుపు. లోపల సారక్క, మీటరు, గోడలోకి దిగిన గొట్టం నోరు, రెండు ముక్కాలి పీటలు. ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. తెల్లటి నూలు చీర కొంగు నడుముకు చుట్టి ఉంది.

ఖాళీ పీట మీద నా సంచి పెట్టాను. ఆమె ఏమీ అనకుండా దాన్ని తీసి నేల మీద పెట్టింది.

పన్నెండు గంటలకు గొట్టం దగ్గరకు వంగి చదివింది. "తొమ్మిదో పోస్టు. వాయువు సున్నా పాయింట్ నాలుగు. గాలి డెబ్బై. వేడి ముప్పై మూడు." గంట కొట్టినంత నిబ్బరంగా ఉంది.

అప్పుడు నాకు ఒకటి తెలిసొచ్చింది. నా పెదాలు కదిలాయి. చిన్నప్పటి నుంచి పడిన అలవాటు. ఎదుటి మనిషి చదువుతుంటే గొంతులో గొంతు కలిపాను.

"నీ పేరు చెప్పు," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. కింది పెదవి వణికింది. మెడ నరాలు లేచాయి. "స... స... సా..." ఆగింది. కళ్లు మూసుకుంది. "సారక్క."

"ఎప్పటి నుంచి?"

"పు... పుట్టిన కాంచి." మిగతాది వేలితో, తలతో, తెగిన మాటలతో చెప్పింది. నేను సరిచేసి రాస్తున్నాను. నాలుక తిరగాలని తల్లి వస కొమ్ము అరగదీసి రోజూ నాకించేది. తండ్రి ఆమె మాట పూర్తయ్యే దాకా అన్నం పెట్టనిచ్చేవాడు కాదు. పదహారో ఏట గాలి ఉద్యోగానికి వచ్చింది. ఇంకో మనిషితో కలిసి చదివితే మాట ఆగదని బడిలోనే ఆమెకు తెలుసు. ఆ ఒక్క కారణంతోనే వచ్చింది. పది మందితో మాట్లాడక్కర్లేని ఉద్యోగం దిగువూరులో ఇంకోటి లేదు.

ఉద్యోగం వాళ్లను మితభాషులను చేయలేదు. మాట రాని వాళ్లే వెతుక్కుంటూ ఆ ఉద్యోగానికి వెళ్లారు. ముప్పై ఏళ్లుగా నేను తలకిందులుగా రాశాను.

ఒంటి గంట పఠనానికి చేతి రుమాలు మడిచి పళ్ల మధ్య పెట్టుకున్నాను. గోడకు ఆనుకుని నిలబడ్డాను. సారక్క మళ్లీ తడబడకుండా చదివింది.

"ఇప్పుడు నీతో ఎవరు చదివారు?"

మీటరు అద్దాన్ని కొంగుతో తుడిచింది.

"నా... నాకేం వినవడది అక్కా. గంట గాంగనే నోరు దా... దానంతటదే లేస్తది. ఎవలో ముంగట అ... అడుగేసినట్టు." ఖాళీ పీట వైపు చూడకుండా చేయి మాత్రం అటు చూపింది. "ఇరవై రెండేండ్లు. ఓదెలన్న. మా మా... మాటలు తక్కువ. గంట కొడితే సదివేటోళ్లం. అంతే."

"రోజు 87న ఆగావు."

ఆమె తల ఎత్తింది. ఇది ఎవరైనా అడుగుతారని ఆమె అనుకోలేదు.

"ముల్లు సు... సున్నా మూడు మీద ఉండె. నేను అదే అనబోయిన. వే... వేరే అంకె అయితున్నట్టు అనిపిచ్చింది. నోరు పడిపోయింది."

వచ్చే ముందు నా మణికట్టు పట్టుకుంది. సచ్చినోడు నాతో సదువుతుండని రాస్తే నన్ను ఒక్కదాన్నే కాదు, ఇరవై మూడు మందినీ పిచ్చోళ్లంటరు అని చెప్పడానికి ఆమెకు రెండు నిమిషాలు పట్టింది. నేను మధ్యలో అందించలేదు.

తిరిగి వచ్చాక చుట్ట చూశాను. పన్నెండు గంటలప్పుడు నీలం గీత రెండు గొంతుల మధ్య చిక్కుపడి ఉంది. ఒంటి గంటకు శుభ్రంగా ఉంది. ఒక మిల్లీమీటరు ముందు.

రోజు 120

నఫీసాకు పరీక్ష సంగతి మాత్రం చెప్పాను. "మీ గుమాస్తా పక్కన నిలబడి చదివాడు."

ఆమె కలం కింద పెట్టింది.

"అరే, ఎంత పని చేసిన నేను," అంది. "చదువుకున్నదాన్ని. పుస్తకంలో ఉంది. పక్కన ఇంకో గొంతు కలిస్తే నత్తి పోతుంది, దాదాపు అందరికీ. చూడండి సుగుణగారూ, వీళ్ల నాలుక బాగుంది, గొంతు బాగుంది, ఏమనాలో తెలుసు. మాట మొదలుకావాలంటే మెదడులో ఇప్పుడు అని ఒక సైగ పడాలి. అది టైముకు పడదు. పక్క మనిషి గొంతు ఆ సైగను బయటి నుంచి అందిస్తుంది."

"అంటే నరమా?"

"పునాది అదే. రెండేళ్లకు, ఐదేళ్లకు మధ్య మొదలవుతుంది. ఇంటి వరసల్లో నడుస్తుంది. చాలామంది పిల్లలకు పోతుంది, కొందరికి ఉండిపోతుంది. భయం దాన్ని పుట్టించదు. కాని ఉన్నదాన్ని పెంచుతుంది. బోర్డు మీద పేరు రాయండి, నాలుగు పదకొండవుతుంది. అప్పటిదాకా ఎట్లనో నెట్టుకొచ్చినవాళ్లు ఆగిపోతారు." వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది. "పెద్దవాళ్లలో నూటికి ఒకరికి ఉంటుందంటారు. దిగువూరులో వందకు పైగా ఉండాలి. నలభై ఏళ్లలో ఒక్కరూ నా దగ్గరికి రాలేదు. ఎక్కడున్నారని నేనూ అడగలేదు."

"మరి తొమ్మిదో పోస్టు?"

"గొట్టంలో ప్రతిధ్వని ఉంటుంది. కొంతమందికి అది కూడా సాయం చేస్తుంది."

మిల్లీమీటరు సంగతి నేను చెప్పలేదు.

రోజు 140

తీర్పు. సంఘం తొమ్మిది మంది, ఎదురుగా ఇరవై మూడు మంది, వాళ్ల ఇంటివాళ్లు. పోశం పక్కన శాంతమ్మ మూట కట్టుకుని వచ్చింది. పై అరకు అక్కడి నుంచే పంపుతారు.

నఫీసా సారక్కను పిలిచి ఒక పేజీ చేతికిచ్చింది. గుమాస్తాను బయటికి పంపింది. సారక్క చదివింది. తడబాటు లేదు.

జనార్దన్ చేతులు చాపాడు. "ఇగో. ఒక్కతే చదివింది. ఇంకేం గావాలె?"

నేను సంఘం వైపు చూస్తున్నాను. తొమ్మిది మంది పెదాలూ కదులుతున్నాయి. వెనక బెంచీల్లో పెదాలు కదులుతున్నాయి. హాలు నిండా ఒక సన్నటి గుసగుస. వాళ్లు చదువుతున్నట్టు వాళ్లకు తెలియదు. పేజీ వాళ్లెవరికీ కనిపించదు. సారక్క అన్న మాటను, ఆమె అంటుండగానే, నూట పది మంది పట్టుకుని నడుస్తున్నారు.

"అధ్యక్షా, మీ నోరు," అన్నాను.

ఆయన చేయి నోటి దగ్గరికి వెళ్లింది. చేతి కింద పెదవి ఇంకా కదులుతోంది.

నఫీసా అందరినీ నాలుక పళ్ల కింద పెట్టుకోమంది. పిల్లల నోళ్లు తల్లులు మూశారు. హాల్లో ఫ్యాను చప్పుడు మిగిలింది.

"ఇప్పుడు చదువమ్మా."

సారక్క కాగితం ఎత్తింది. మొదటి మాట "దిగువూరు". ఏడు సెకన్లు ఏమీ రాలేదు. తర్వాత "ది" పదకొండు సార్లు. ఆమె గడ్డం పక్కకు లాగింది, కుడి కాలు నేలను తన్నింది. ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో ఒక ఆడమనిషి ఏడ్చింది. పేజీలో మూడు వాక్యాలు పూర్తి కావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. సారక్క మధ్యలో ఆపేయలేదు. ఇరవై మూడు మందిలో పోశం ముందు లేచి నిలబడ్డాడు. తర్వాత మిగిలినవాళ్లు.

"మరి అదే మనిషి తొమ్మిదిలో ఎట్ల చదువుతున్నది?" అన్నాడు జనార్దన్.

"ప్రతిధ్వని," అంది నఫీసా.

ఆయన నా వైపు తిరిగాడు. "రికార్డుల ఏమన్న ఉన్నదా పేపరక్కా?"

"గొట్టం నుంచి రెండో శబ్దం నమోదైంది," అన్నాను. అది నిజం. అది ముందు వస్తుందా వెనక వస్తుందా అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. ముప్పై ఏళ్లలో తెలిసి వదిలేసిన వాస్తవం ఇదొక్కటే.

తీర్పు: నరం. రెండో మనిషిని తిరిగి పెట్టాలి. బోర్డు తుడిచెయ్యాలి. శాంతమ్మ మూట విప్పి అందులోని అటుకులు వాకిట్లో అందరికీ పంచింది.

రోజు 152

పోస్టులన్నీ మళ్లీ జంటలయ్యాయి. తొమ్మిదో పోస్టుకు సారక్క జోడుగా పోశం వెళ్లాడు. ఆమె అతని కోసం మూడో పీట చేయించింది.

తొమ్మిదో గొట్టం యంత్రానికి మూడో పెన్ను బిగించమని రాజేశాన్ని అడిగాను.

"ఇద్దరికి మూడు పెన్నులెందుకక్కా?"

"తిన్నని గీత పడితే తీసేద్దాం."

ఆకుపచ్చ సిరా పోశాడు. పది గంటలకు ఎరుపు, నీలం కలిసి లేచాయి. వాటికి ఒక మిల్లీమీటరు ముందు ఆకుపచ్చ లేచింది. రాజేశం కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆ తర్వాత ఆ యంత్రానికి కాగితం నన్నే మార్చమంటున్నాడు.

రోజు 171

ఉదయం పది గంటలు. నేను, రాజేశం.

తొమ్మిదో గొట్టం: "తొమ్మిదో పోస్టు. వాయువు..."

ఆగింది. ఇద్దరి గొంతులూ ఒకే చోట ఆగాయి. రెండు సెకన్లు. నాలుగు. "సు... సు..." అని సారక్క. పోశం గొంతు అసలు లేవలేదు.

ఇద్దరు కలిసి చదివేటప్పుడు నత్తి రాదు. పంతొమ్మిది రోజుల్లో రాలేదు. ఇద్దరికీ ఒకేసారి వచ్చింది.

"తాడు లాగు," అన్నాను.

"అంకె రానియ్యి అక్కా."

ఆరో సెకను, ఏడో సెకను. అప్పుడు ఇద్దరూ నెట్టుకుంటూ చెప్పారు. "సున్నా పాయింట్ నాలుగు."

రాజేశం ఊపిరి వదిలాడు. "చూసినవా? సున్నా నాలుగే. మంచిగనే ఉన్నది."

తొమ్మిదో పోస్టు కింద ఐదో పేట. ఈ నెల జనాభా లెక్క ప్రకారం మూడు వందల పన్నెండు మంది. పది గంటలకు అక్కడ పొయ్యిలు వెలుగుతుంటాయి. మీటరు బాగుందని చెబుతోంది. నా దగ్గర ఉన్నది రోజు 87, రోజు 88, మధ్యలో నేను పెట్టని ఒక మాట.

"పై అరకు పోతవు అక్కా," అన్నాడు రాజేశం.

తాడు లాగాను.

రోజు 172

నమోదు. గంట మోగిన ఇరవై ఆరు నిమిషాలకు ఐదో పేట ఖాళీ అయింది. ఒక ముసలాయనకు కాలు బెణికింది. సామాన్ల గది తాళం పగలగొట్టి పాత నూనె దీపం తీసుకెళ్లారు. తొమ్మిదో పోస్టుకు రెండు వందల గజాల దూరంలోనే దీపం మంట మీద వాయువు గుర్తుగా నీలం టోపీ లేచింది. దీపాల కాలం నాటి గని మేస్త్రీ ఒకాయన టోపీ ఎత్తు చూసి చెప్పిన అంకె: ఒకటి పాయింట్ తొమ్మిది. మీటరు అప్పటికీ సున్నా పాయింట్ నాలుగు చూపుతోంది. రసాయనం ఎండిపోయింది. మిగతా నలభై మీటర్లనూ ఇప్పుడు దీపంతో పోల్చి చూస్తున్నారు. నన్ను పై అరకు పంపే మాట ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం సారక్క, పోశం వినికిడి గదికి వచ్చారు. జనార్దన్, నఫీసా కూడా ఉన్నారు. నేను నిన్నటి చుట్ట బల్ల మీద పరిచాను. మిల్లీమీటరు గురించి మొదటి నుంచి చెప్పాను. దాచింది కూడా చెప్పాను. నఫీసా భూతద్దం తీసుకుని తానే కొలిచింది. రెండోసారి కొలిచింది.

రాజేశానికి గీతలు చదవడం వచ్చు. ఇరవై ఏళ్లుగా ఏ అంకె గీత ఎలా ఉంటుందో చూస్తున్నవాడు. ఆకుపచ్చ గీత మీద వేలు పెట్టి నడిపించాడు. "వాయువు" దాకా మూడు గీతలూ కలిసే ఉన్నాయి. తర్వాత ఎరుపు, నీలం ముడుచుకుపోయాయి. ఆకుపచ్చ ఒక్కటే ముందుకు వెళ్లింది.

అతని వేలు ఆగింది.

"ఇది ఒకటి గీత. అయితే మొత్తం పడలే. మొదలు పడ్డది, ఆగింది. మళ్ల మొదలు. మళ్ల." లెక్కపెట్టాడు. "ఐదు సార్లక్కా. ఒ... ఒ... అని. ఆరోసారికి పడ్డది. ఒకటి పాయింట్ తొమ్మిది."

ఐదు చిన్న దిబ్బలు, తర్వాత పెద్దది. పదిహేడో గొట్టం చుట్టలో పోశం గీత ఎలా ఉంటుందో అలాగే.

సారక్క కాగితం మీదికి వంగింది.

"అన్నకు గూడనా?" అంది.

ఇరవై రెండేళ్లు సారక్క, ఓదెలు ఒకే గొట్టం ముందు కూర్చున్నారు. గంట కొడితే కలిసి చదివారు. కలిసి చదివినంత సేపూ ఇద్దరికీ మాట ఆగలేదు. మిగతా సమయంలో ఇద్దరూ నోరు విప్పలేదు. అతను కూడా ఆ ఒక్క కారణంతోనే ఆ ఉద్యోగానికి వచ్చాడని ఆమెకు తెలియదు. ఆమె సంగతి అతనికీ తెలిసి ఉండదు. నిన్న పది గంటలకు మొదటిసారి అతను ఒంటరిగా చదవాల్సి వచ్చింది.

సారక్క మొదటి దిబ్బ మీద వేలు పెట్టింది. పెద్ద దిబ్బ దాకా మెల్లగా జరిపింది.

"ఒకటి పాయింట్ తొమ్మిది," అని చదివింది. ఎక్కడా ఆగలేదు.

నేను గదిలో అందరి పెదాలూ చూశాను. ఏవీ కదలలేదు.